నడిచి చూసేవారికి నాగావళి ఒడ్డున దారి ఇవ్వండి

శ్రీకాకుళం నగర పాలన, పర్యాటకం, దేవాలయాలు, పురాతన కట్టడాల బాధ్యతలు చూస్తున్న అధికారులకు, ప్రజాప్రతినిధులకు, నాగావళి ఒడ్డు వీధుల పెద్దలకు నమస్కారాలతో రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యలారా, అమ్మలారా,

నేను రాజమహేంద్రవరంలో ముప్పైయేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయినిని. గోదావరి గట్టు మీద పెరిగినదాన్ని కనుక ఏ ఊరు వెళ్ళినా ముందుగా అక్కడి ఏరు ఎటుందో అడిగి, ఆ ఒడ్డు పట్టుకొని నడవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. మొన్న సంక్రాంతి సందడి సద్దుమణిగాక మా అక్కయ్యను వెంటబెట్టుకొని మీ ఊరు వచ్చి రెండు రోజులు ఉన్నాను. ఆ రెండు రోజులూ వీలైనంత మేరకు ఆటో ఎక్కకుండా కాలినడకనే తిరిగాము. అప్పుడు చూసినదీ, చూడాలనుకొని చూడలేకపోయినదీ మీ ముందు పెట్టి, ఒక్క సంగతి అడగాలని ఈ ఉత్తరం.

శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ రైలు దిగినవారిలో చాలామందికి మీ ఊరు ఒక మజిలీ మాత్రమే. తెల్లవారుతూనే అరసవల్లి, ఎండెక్కేలోపు శ్రీకూర్మం, భోజనమయ్యాక తిరుగు రైలు, ఇదీ వాళ్ళ ప్రయాణం. మేము బస్సు దిగగానే చుట్టూ చేరిన ఆటోవాళ్ళు కూడా ఆ లెక్కలోనే మాట్లాడారు. నడిచి చూస్తామని చెబితే అందులో పెద్దాయన ఒకరు నవ్వి, "ఏటమ్మా, ఊళ్ళో సూడ్డానికి ఏటుంది, అరసవిల్లి ఎల్లి సక్కగా దండం ఎట్టుకోండి" అన్నారు. ఆయనను తప్పు పట్టను. తన ఊళ్ళో చూడవలసినది ఉందని ఆయనకు చెప్పే పని ఎవరూ చేయలేదు, అంతే.

ఉన్నది మాత్రం తక్కువేమీ కాదు. వంతెన మీద నిలబడి చూసినప్పుడు నాగావళి మాకు రెండు మూడు పాయలుగా సన్నగిల్లి, మధ్యలో ఇసుక మేటలు తేలి, ఒక పక్కన గుర్రపుడెక్క అల్లుకొని కనిపించింది. వంతెన చివర ఒక ముసలామె తాటాకు చాప మీద తేగలు కట్టలు కట్టి పెట్టుకొని కూర్చుంది. మా ఎదుటే ఒక తేగను నిలువునా చీల్చి, లోపలి చందమామను వేలితో పైకి తీసి, "ఇది పిల్లలకివ్వాల" అంటూ మా అక్కయ్య చేతిలో పెట్టింది. డెబ్బయ్యేళ్ళ మా అక్కయ్య దాన్ని అక్కడే, వంతెన మీదే నోట్లో వేసుకుంది. ఈ నదికి పేరెలా వచ్చిందో తెలుసా అని ఆమెనే అడిగాము. "బలరాముడు నాగలెట్టి గీసీనాడు గదమ్మా" అంది, అందరికీ తెలిసినదేగా అన్నట్టు.

నేను పాఠాల్లో చదివి తెలుసుకున్న కథ అదే. తీర్థయాత్రకు వచ్చిన బలరాముడు కరవుతో అలమటిస్తున్న జనాన్ని చూసి నాగలితో నేలను గీశాడనీ, ఆ చాలు వెంట నీరు పారి నాగావళి అయిందనీ ఐతిహ్యం. సంస్కృతంలో నాగలిని లాంగలం అంటారు. నదికి లాంగుల్య అన్న రెండో పేరు ఉండటం చూస్తే రెండు పేర్లూ ఒకే నాగలిని మోస్తున్నట్టే అనిపిస్తుంది. బలరాముడు ఆ నది పొడవునా ఐదు చోట్ల శివుణ్ణి ప్రతిష్ఠించాడని చెబుతారు. ఒడిశాలో రాయగడ దగ్గరి పాయకపాడున పాతాళేశ్వరుడు, జంఝావతి వచ్చి కలిసే గుంపలో సోమేశ్వరుడు, సువర్ణముఖి, వేగవతులు కలిసే సంగాంలో సంగమేశ్వరుడు, మీ గుడివీధిలో ఉమారుద్ర కోటేశ్వరుడు, సముద్రం ఒడ్డున కళ్ళేపల్లిలో మణినాగేశ్వరుడు. అంటే కలహండి కొండల్లో పుట్టి సుమారు 256 కిలోమీటర్లు నడిచే నదికి ఈ ఐదు గుళ్ళూ మజిలీలు. అందులో నాలుగో మజిలీ మీ ఊరు.

ఆ నాలుగో మజిలీకి మేము చేరేసరికి మధ్యాహ్న విరామం. తలుపులు మూసి ఉన్నాయి. వేళ తెలుసుకోకుండా బయలుదేరడం మా పొరపాటే. అయితే మూసిన తలుపు ముందు నిలబడి మా అక్కయ్య అన్న మాట చెప్పక తప్పదు. "ఇంద్రుడికి జరిగిందే మనకీ జరిగింది" అంది. అరసవల్లి స్థలపురాణం తెలిసినవారికి ఇందులోని చమత్కారం అర్థమవుతుంది. వేళగాని వేళ కోటేశ్వరుణ్ణి చూడవచ్చిన ఇంద్రుణ్ణి నంది అడ్డుకొని ఒక్క తన్ను తన్నితే ఆయన తూర్పుగా వెళ్ళి పడ్డాడట. పడ్డచోట సూర్యుణ్ణి ధ్యానించి, తవ్వితే విగ్రహం దొరికి, అక్కడే కోవెల వెలిసిందట. ఇంద్ర పుష్కరిణి పేరు అందుకే అలా నిలిచింది. ఇందులో మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. గుడివీధి కోటేశ్వరుణ్ణీ అరసవల్లి సూర్యుణ్ణీ కలిపే దారి పురాణంలో ఎప్పుడో వేసి ఉంది. అరసవల్లికి వచ్చే జనంలో పదోవంతు మందికైనా ఆ కథ మొదలైన చోటు నది ఒడ్డునే ఉందని తెలిస్తే, మీరు పైసా ఖర్చు చేయకుండానే వాళ్ళు గుడివీధి వైపు తిరుగుతారు.

జామియా మసీదును మరునాడు చూశాము. గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున ఈ ప్రాంతానికి ఫౌజుదారుగా, అంటే సేనతో ఏలే అధికారిగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన మసీదు అది. దానికి 380 ఏళ్ళు దాటాయి. అక్కడున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఆదరంగా పలకరించి, చెప్పులు విడిచి ఎక్కడిదాకా రావచ్చో చూపించి, మంచినీళ్ళు ఇచ్చారు. ఎచ్చెర్ల వైపు షేర్ మహమ్మద్ పురం అన్న ఊరుందనీ, ఇప్పుడందరూ దాన్ని ఎస్.ఎం.పురం అని పొట్టిగా పిలవడంతో ఆ పేరు వెనుక ఒక మనిషి పేరుందన్న సంగతే పిల్లలకు తెలియకుండా పోతోందనీ ఆయన బాధపడ్డారు. నాకూ నిజమనిపించింది. ముప్పైయేళ్ళు పాఠం చెప్పినదాన్ని, ఉత్తర సర్కారులనే పాతకాలపు కోస్తా పరగణాలు ఐదని పిల్లల చేత వల్లె వేయించానే గాని, ఆ సర్కారుల్లో ఒకటైన చికాకోలుకు, అంటే పాత పేరుతో మీ శ్రీకాకుళానికే, గుర్తుగా ఏ రాయి, ఏ గోడ మిగిలిందో చూడాలని ఎన్నడూ అనుకోలేదు. 1753లో నిజాము ఫ్రెంచివారికి రాసిచ్చిన సర్కారుల్లో మీ చికాకోలూ ఉంది, మా రాజమహేంద్రవరమూ ఉంది. ఒకే కాగితం మీద చేతులు మారిన రెండు ఊళ్ళు మనవి.

ఆ తరువాత పాత డచ్చి భవనం సంగతి అడిగాము. నలుగురిని అడిగితే నాలుగు వైపులు చూపించారు. ఒక కుర్రవాడు ఫోనులో వెతికి పెట్టాడు, పాపం. కోటేశ్వరాలయం, మసీదు, డచ్చివారి భవనం, నది మీది వంతెన, వీటన్నిటినీ ఒకే పూటలో కాలినడకన చూడవచ్చు. శైవులు, గోల్కొండ ఫౌజుదారులు, ఒలందా వర్తకులైన డచ్చివారు, ఆపైన ఇంగ్లీషువారు, అందరూ ఒకే నది దగ్గరకు వచ్చి ఆగారంటే ఆ నీళ్ళు, ఆ రేవు, ఆ బట్ట వ్యాపారం కారణం కాక మరేమిటి? ఇంత చరిత్ర ఇంత ఇరుకు చోట ఉన్న ఊళ్ళు మన రాష్ట్రంలో ఎక్కువ లేవని నా అభిప్రాయం. అభిమానంతో కాస్త పెంచి చెబుతున్నానేమో గాని, పెద్దగా పెంచలేదు.

కాని ఈ పూసలను గుచ్చే దారం లేదు. ఒక చోటి నుంచి మరొక చోటికి వెళ్ళాలంటే ప్రతిసారీ నదిని వదిలి బజారులోకి వచ్చి, మోటారు సైకిళ్ళ మధ్య పడి, మళ్ళీ ఎవరినో అడిగి నది వైపు తిరగవలసి వచ్చింది. ఒడ్డు వెంటే పోదామని ఒక సందులోకి దిగితే అది ఒక ఇంటి పెరట్లోకి తేలింది. ఆ ఇంటామె కోప్పడలేదు సరికదా మజ్జిగ తాగి వెళ్ళమంది. మరొక సందు చెత్తకుప్ప దగ్గర ఆగిపోయింది. ఊరంతా నదికి వీపు పెట్టి కూర్చున్నట్టు అనిపించింది. మా అక్కయ్యకు మోకాళ్ళ నొప్పులు. నాలుగు వందల అడుగులు వేస్తే ఐదు నిమిషాలు కూర్చోవాలి. కూర్చోవడానికి ఆమెకు దొరికినవి రెండు అరుగులు, ఒక మూసిన కొట్టు మెట్టు. ఇక ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కావాలంటే బస్సుల నిలయానికో, హోటలుకో వెళ్ళాలి. రెండో రోజు ఉదయం నుంచి మా అక్కయ్య నీళ్ళు తాగడం మానేసింది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా లేదు. ప్రయాణాలు చేసే ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే.

ఈ మాటకు జవాబుగా మీరు వెంటనే నది ఒడ్డున ఒక కొత్త ఉద్యానవనం, రంగు దీపాల ఫౌంటెను, ఊరి పేరు పెద్ద అక్షరాలతో నిలబెట్టిన సెల్ఫీ వేదిక ప్రతిపాదిస్తారేమోనని నా భయం. దయచేసి ఆ పని చేయకండి. నేను అడిగేది ఒక్కటే. కొత్తది కట్టకండి, ఉన్నవాటిని నడకదారితో కలపండి.

నదిని ఎరిగినదానిగా ఇందుకు కారణం చెబుతాను. నాగావళి కొండల నది. పైన కలహండి, రాయగడ వైపు కురిసిన వాన, మీ ఆకాశంలో ఒక్క మబ్బు లేకపోయినా, ఇక్కడికి వరదై వస్తుంది. జనవరిలో పాదాలు తడవకుండా దాటగలిగే పాయ వానాకాలంలో ఒడ్డులు ఒరుసుకొని పారుతుంది. అలాంటి నది పక్కన టైల్సు పరిచి, ఇనుప కడ్డీలు పాతి, మొక్కల తొట్లు పెడితే మూడేళ్ళలో బురద, తుప్పు మిగులుతాయి. మా ఊళ్ళో ఇటువంటివి చూసే చెబుతున్నాను. పుష్కరాలకని హడావిడిగా వేసినవాటిలో నిలిచినవి రాతి మెట్లు, రాలిపోయినవి రంగు టైల్సు. నీళ్ళు వచ్చి పోయినా చెక్కుచెదరని గరుకు రాయి, నీడకు కానుగ, రావి, వేప, కూర్చోవడానికి వీధి అరుగుల ఎత్తులో రాతి పలకలు చాలు. చాకిరేవు ఉన్నచోట దాన్ని తొలగించకండి. అక్కడ బట్టలు ఉతికేవారికి ముందు దారి ఇచ్చి, మాలాంటి వచ్చేపోయేవారికి పక్కన దారి ఇవ్వండి. నది ఎవరి పనికి ఆధారమో వాళ్ళను లేపేసి వేసిన దారిలో నడవడానికి నాకు మనసొప్పదు.

దారి అంతా ఒక్కసారిగా ఒడ్డు వెంటే సాగాలని కూడా నేను అనను. ఇళ్ళున్నచోట వీధిలోంచి వచ్చి, ఖాళీ దొరికినచోట మళ్ళీ నదికి దిగవచ్చు. కావలసినది తెగకపోవడం. మలుపు దగ్గర నేల మీద ఒక గుర్తు, గోడ మీద ఒక బాణం ఉంటే నలుగురిని అడిగే పని తప్పుతుంది. అందుకు ఎవరి గోడ వాడితే వారి అనుమతి తీసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

బోర్డుల గురించి మాత్రం కాస్త వివరంగా రాస్తాను, అది నా వృత్తి కనుక. మన దగ్గర పురాతన కట్టడం ముందు బోర్డు అంటే ముట్టుకుంటే శిక్ష అని బెదిరించేది, లేదా ఇది మిక్కిలి ప్రాచీనమైనది, విశిష్టమైనది అని పొగిడేది. ఈ రెండింటి వల్లా చదివినవాడికి ఏమీ తెలియదు. కోటేశ్వరాలయం దగ్గర బోర్డు మీద ఐదు గుళ్ళ పేర్లు, నది గీత, ఇంద్రుడి కథ, తలుపులు తెరిచే వేళలు ఉండాలి. మసీదు దగ్గర షేర్ మహమ్మద్ ఖాన్ పేరు, 1641 అన్న అంకె, లోపలికి ఎవరు ఎక్కడిదాకా రావచ్చో ఉండాలి. అది మసీదు పెద్దలే రాసి ఇస్తే ఇంకా మంచిది. అరసవల్లి దారి మొదట్లో, మార్చి 9, 10, 11 తేదీల్లోను, అక్టోబరు 1, 2, 3 తేదీల్లోను ఉదయపు కిరణాలు స్వామి పాదాలను ఎలా తాకుతాయో బొమ్మ గీసి చూపండి. డిసెంబరు 21, 22 తేదీల్లో సూర్యుడు దక్షిణపు కొసన ఉదయిస్తాడు. అక్కడికి వెళ్ళేటప్పుడు సుమారు ఎనభై రోజుల ముందు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు సుమారు ఎనభై రోజుల తరువాత మరొకసారి తూర్పున దాదాపు ఒకే చోట పొడుస్తాడు. అందుకే ఏడాదికి రెండు విడతలు. మబ్బు పడితే ఆ రోజు కనిపించదు కూడా. ఇది చెబితే భక్తి తగ్గుతుందని అనుకోకండి. ఆ కొలత తెలిసి గుడి కట్టినవారి మీద గౌరవం రెట్టింపు అవుతుంది. మా తరగతిలో ఈ బొమ్మ గీసిన రోజు గంట కొట్టినా పిల్లలు లేచేవారు కారు.

ఆ బోర్డుల తెలుగు ఎలా ఉండాలన్నది మీ జిల్లాకు ఎవరూ నేర్పనక్కరలేదు. 1863లో పర్వతాలపేటలో పుట్టి, జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి మీవారు. ఆయన జిల్లాలో "ఇచ్చట వేంచేసియున్న" అని మొదలయ్యే బోర్డు పెడితే ఆయనకు అంతకంటే అవమానం ఉండదు. "సిక్కోలు" అన్న మాట కూడా కనీసం ఒక బోర్డు మీద ఉండాలని నా కోరిక. ఊరివాళ్ళ నోట ఆ పేరు ఎంత ముద్దుగా ఉంటుందో బయటినుంచి వచ్చినవారికే బాగా తెలుస్తుంది.

ఈ నడక ఎక్కడ ముగియాలి? గుడి దగ్గరో ఉద్యానవనం దగ్గరో కాక ఒక రాట్నం దగ్గర ముగియాలని నేనంటాను. చికాకోలు మస్లిన్లనే సన్నని నూలుబట్టల పేరు ఒకప్పుడు సముద్రాలు దాటింది. ఆ పనితనపు తోబుట్టువు లాంటి విద్య ఇప్పటికీ పొందూరులో బతికి ఉంది. మీ ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరం. అక్కడి ఆడవాళ్ళు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని నేను పుస్తకాల్లో చదివాను గాని ఈ ప్రయాణంలోనే మొదటిసారి కంటితో చూశాను. వరసగా సన్నని పళ్ళున్న ఆ ఎముకను ఒక చేత్తో పట్టుకొని, గింజ చుట్టూ ఉన్న దూదిని మెల్లగా దువ్వుతూ పోతుంటే పోగులన్నీ ఒకే వైపు తల తిప్పుకున్నట్టు సాపయ్యాయి. ఆ దూదితో వందో నంబరు దాకా సన్నపోగు తీస్తారు; నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. మా గోదావరిలోనూ దొరికే చేప అది. మేము పులుసు పెట్టుకొని దవడను పిల్లికి వేస్తాము. నది ఒడ్డున నడకదారి చివర ఏదైనా ఒక పాత ఇంట్లో వారానికి రెండు రోజులు పొందూరు నుంచి ఒకరో ఇద్దరో వచ్చి ఆ పని చేసి చూపించి, బట్ట అమ్ముకునే వీలు కల్పించండి. వారికి ఆ రోజు కూలి ముందే ఇవ్వండి. అమ్మకం జరిగితేనే డబ్బు అనే పద్ధతి వద్దు.

చూపించి చెప్పేవాళ్ళ కోసం దూరం వెళ్ళనక్కరలేదు. మీ కళాశాలల్లో తెలుగు, చరిత్ర చదివే పిల్లలకు ఆదివారాలు ఈ పని అప్పగించి గౌరవ వేతనం ఇవ్వండి. వాళ్ళను తయారుచేయడానికి మీకు కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న తెరిచిన ఆ ఇంట్లో తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చే పని సాగుతోంది. నాగావళి చుట్టూ తిరిగే కథలను అక్కడ వెతికి చదివిన పిల్లవాడు, మిగతావాళ్ళు ఆటోలోంచి చూపించే రేవును నిలబెట్టి చూపించగలడు. నేను ఆ అలమరాల ముందు ఒక గంట నిలబడ్డాను. ఊరికి వచ్చిన ముఖ్యమైన పని పక్కన పెట్టి అక్కడే ఉండిపోతానేమోనని మా అక్కయ్య చేయి పట్టి లాక్కొచ్చింది.

వీటిలో ఏది ముందు చేయాలని మీరు అడిగితే, మొదట ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి, తరువాత వేళలు రాసిన బోర్డు, ఆ తరువాత నీడ. మొదటి రెండూ ఒక్క వేసవిలో అయ్యే పనులు. మీ పట్టణం 2015లో నగరపాలక సంస్థ అయింది. నగరం అన్న మాటకు నేనైతే మొదటి కొలతగా ఫుట్‌పాత్‌నే తీసుకుంటాను. మా ఊరూ ఆ కొలతలో పూర్తి మార్కులు తెచ్చుకున్నదేమీ కాదు, ఆ సంగతి వాళ్ళకు వేరే ఉత్తరంలో రాశాను.

అక్టోబరు 2న తెల్లవారేసరికి అరసవల్లిలో ఉండాలని మా అక్కయ్య ఇప్పటికే నిశ్చయించుకుంది. ముందు రోజు సాయంత్రం కోటేశ్వరుణ్ణి తలుపులు తెరిచి ఉండగా చూసుకొని, అక్కడి నుంచి ఇంద్రుడు పడ్డ వైపుగా నడిచి వెళదామంటోంది. ఆటో వద్దట. ఆ దారిలో ఆమె కూర్చోవడానికి నాలుగైదు చోట్ల రాతి పలకలు వేయించగలిగితే ఆ సంగతి రెండు ముక్కల్లో తెలియజేయండి. లేకపోతే మడత కుర్చీ ఒకటి రైల్లో మోసుకురావాలి, ఆ బరువు నా మీద పడుతుంది.

ఇట్లు,
రాజమహేంద్రవరం నుంచి వచ్చి వెళ్ళిన ఒక విశ్రాంత ఉపాధ్యాయిని